గోడ అవతలి కేక

గత వారం జర్మనీలో మేముండే కార్ల్స్‌రూహెలో ఫుట్‌బాల్ మ్యాచ్‌కి వెళ్లాను. గోల్ పడగానే స్టేడియమంతా ఒక్కసారిగా అరిచింది. నేను ఖాళీ కుర్చీల కోసం వెతికాను.

కరోనా వచ్చిన ఏడాది నేను రెండో తరగతి. మా పక్క ఫ్లాట్‌లో హ్యారీ అంకుల్ ఒక్కరే ఉండేవారు. ఇంగ్లండ్ నుంచి వచ్చి ముప్పయ్యేళ్లయినా ఆయన అభిప్రాయాలు మారలేదు. జర్మన్లు మ్యాచ్‌లో డప్పులు మరీ ఎక్కువ కొడతారనీ, పాట గొంతులోంచే రావాలనీ, ఇక్కడి ట్రాములు మంచివే కానీ టీ మాత్రం కషాయమనీ బాల్కనీలోంచి నాకు చెప్పేవారు.

అప్పుడు స్టేడియాలు ఖాళీ. అయినా ఆయన టీవీలో జనం అరిచేవాళ్లు.

"ఎవరూ లేరు కదా, అరుస్తున్నదెవరు?" అని అడిగాను.

"దయ్యాలు," అని నవ్వారు. "వాళ్లకి టికెట్ కూడా అక్కర్లేదు."

నేను నమ్మాను. ఆ తర్వాత అరుపు వినబడితే టీవీలో ఖాళీ కుర్చీల వైపు చూడాలంటే భయమేసేది.

ఒక శుక్రవారం అంబులెన్స్ ఆయన్ని తీసుకెళ్లింది. మర్నాడు మధ్యాహ్నం గోడ అవతల జనం కేక వినబడింది. అమ్మ దగ్గరికి పరుగెత్తాను.

"అమ్మా, అంకుల్ వచ్చేసిండ్రు! మ్యాచ్ చూస్తున్నరు!"

అమ్మ కళ్లు ఎర్రగా ఉన్నాయి. "అవునా బిడ్డా," అంది. నాతో వచ్చి, గోడకు చెవి ఆనించి కూర్చుంది.

అది హడావుడిలో ఎవరూ ఆర్పని టీవీ అనీ, ఆ అరుపులు పాత మ్యాచ్‌లలో రికార్డు చేసినవనీ నాకు చాలా కాలానికి తెలిసింది. ఆయన పోయారని ఆ ఉదయమే అమ్మకు ఫోన్ వచ్చిందట. అయినా మ్యాచ్ అయిపోయేదాకా అమ్మ నన్ను అక్కణ్ణుంచి లేపలేదు.