గుండుమల్లికి యూరియా

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం అంటూ ఒకటి ఉంటుందన్న అనుమానమే నాకు ఉండేది కాదు. ఇరవై మూడేళ్ళు, వృక్షశాస్త్రంలో డిగ్రీ, దాని మీద బి.ఇడి., ఆ పైన సూళ్లూరుపేటలో ఒక బడిలో జీవశాస్త్రం టీచరుగా మొదటి ఉద్యోగం. పైగా కోవూరు దగ్గర వరి పండించే ఇంట్లో పుట్టినదాన్ని కాబట్టి, వ్యవసాయం నా రక్తంలోనే ఉందని ఎవరూ అడక్కపోయినా చెప్పుకునేదాన్ని. (రక్తపరీక్ష చేయించి ఉంటే సుద్దముక్కల పొడి తప్ప ఇంకేమీ బయటపడేది కాదు. నేను పొలంలోకి దిగింది పుట్టి బుద్ధెరిగాక రెండుసార్లు; రెండుసార్లూ ఒక్కో చెప్పు బురదకు సమర్పించి గట్టెక్కాను.) మొక్కవోని ఆత్మవిశ్వాసం అంటారే, నాది అదే. చివరికి మోసపోయింది మాత్రం మొక్క.

నేను అద్దెకున్నది పెద్దమ్మగారి మేడమీది గదిలో. ఆవిడ నాకు వరసకేమీ కాదు. తాళంచెవి చేతికిచ్చిన రోజే "ఆంటీ గీంటీ అనబాక, పెద్దమ్మా అను" అని వరస కూడా అద్దెలో కలిపేసింది. పెదనాన్నగారు బస్సు నడిపి రిటైరైన మనిషి; రోజుకు పది మాటలకు మించి ఖర్చుపెట్టేవారు కాదు, ఆ పదీ కాఫీ గురించే. ఇంటి వెనక నాలుగు మంచాలు పట్టేంత దొడ్డి. ఆ నాలుగు మంచాల చోటులోనే పెద్దమ్మ గోడ పొడవునా కనకాంబరాలు, రెండు రంగుల మందారాలు, నందివర్ధనం, పాత పెయింటు డబ్బాల్లో లిల్లీలు, అన్నిటి మధ్యన సింహాసనం మీద కూర్చున్నట్టు ఒక గుండుమల్లి పాదు పెంచింది. అక్కడి నేల ఇసుక, బోరులో నీళ్ళు ఉప్పు. మంచినీళ్ళు రోజు విడిచి రోజు కుళాయిలో వచ్చేవి. ఆ నీళ్ళలోంచే బియ్యం కడిగినవి మందారానికి, పప్పు కడిగినవి కనకాంబరానికి, గిన్నెలు తొలిచినవి కరివేపాకుకు అని ఆవిడ వాటాలు వేసేది. ఉదయం నోట్లో బ్రష్షుతో దొడ్లోకి దిగి ఎన్ని మందారాలు విచ్చాయో లెక్కపెట్టడం, ఎండిన కనకాంబరం కాయల మీద నీళ్ళు చిలకరించి అవి టప్పున పేలుతుంటే ఉలిక్కిపడటం, బడికి పోయేముందు పెద్దమ్మ నా జడలో ఏదో ఒకటి తురమడం, ఇవన్నీ నా జీతంలో చూపించని అలవెన్సులు.

ఆ మల్లిపాదుకు ఒక కథ ఉంది. పెద్దమ్మ సీమంతం నాడు తుఫాను వచ్చిందట. నాయుడుపేట నుంచి రావలసిన పూలబుట్ట దారిలో ఎక్కడో బస్సుతో పాటే నిలిచిపోయింది. పేరంటాళ్ళంతా వచ్చి కూర్చున్నారు, ముహూర్తం దాటిపోతోంది. ఎవరో తెలివైనావిడ నోటుపుస్తకం చింపి, తెల్లకాగితాలతో మొగ్గలు చుట్టి జడ కుట్టిందట. "ముప్పై ఏళ్ళయినా ఆ కాగితాల గరగర నా వీపు మీద ఇంకా ఉండాది పాపా" అని పెద్దమ్మ ఒకసారి అంది. ఆడపిల్ల పుడితే దాని సీమంతానికి పూలజడ మొత్తం తన దొడ్లో పూసిన మల్లెలతోనే కుట్టాలని ఆ రోజే అనుకుందట. ఆడపిల్లే పుట్టింది, పెరిగింది, పెళ్ళై చెన్నై పోయింది, ఆ ఏడు నెల తప్పింది. ఏప్రిల్‌లో ఏడో నెల. సీమంతం పుట్టింట్లోనే, కాన్పయ్యేదాకా మనిషి కూడా పుట్టింట్లోనే అని రెండువైపులా అనుకున్నారు.

ఈలోగా జనవరిలో కూతురికి వేవిళ్ళు ఎక్కువై, మంచినీళ్ళు కూడా ఇమడటం లేదని ఫోను వచ్చింది. పెద్దమ్మ, పెదనాన్న నెల రోజులకని చెన్నై బండెక్కారు. ఎక్కేముందు పెద్దమ్మ ఒక పని చేసింది. మల్లిపాదును మోకాలెత్తుకు కత్తిరించి, మిగిలిన కొమ్మలకున్న ఆకునల్లా దూసేసి, మొదలు చుట్టూ మట్టి లాగేసి వేళ్ళకు ఎండ తగిలేటట్టు వదిలేసింది. తిరుపతి నుంచి అప్పుడే దిగిన మనిషిలాగా అయింది ఆ చెట్టు. తక్కిన మొక్కలన్నిటికీ ఏ పూట ఎన్ని చెంబులో నాకు అప్పగింతలు పెట్టి, చివర్లో "మల్లికి మాత్రం చుక్క నీళ్ళు పోయబాకమ్మా, నేనొచ్చినాక చూసుకుంటా" అంది.

నేను స్పష్టంగా విన్నాను. అది ఒప్పుకోకపోతే ఈ జ్ఞాపకానికి అర్థం లేదు. విని, లోపల నవ్వుకున్నాను కూడా. ఆకు లేకపోతే కిరణజన్య సంయోగక్రియ ఎట్లా? అది లేకపోతే ఆహారం ఎట్లా? ఎనిమిదో తరగతి పిల్లలకు తెలిసిన సంగతి పాపం పెద్దమ్మకు తెలియదనుకున్నాను. రెండు రోజులు ఓర్చుకున్నాను. మూడో రోజు మేడ మీద నుంచి చూస్తే ఎండిన పుల్లలు నన్నే చూస్తున్నట్టనిపించింది. నా వాటా మంచినీళ్ళు తెచ్చి దానికి పోశాను. ఆ తరవాత అదే అలవాటైంది. నేను ఉప్పునీళ్ళతో తలస్నానం చేసి కొబ్బరిపీచు లాంటి జుట్టుతో బడికి పోతుంటే, మల్లి మంచినీళ్ళలో జలకాలాడేది. త్యాగం చేస్తున్నామన్న భావన ఒకసారి తలకెక్కితే ఇంక దిగదు. కొబ్బరిపీచు జుట్టయితే అసలే దిగదు.

పది రోజులకు చిగుళ్ళు వచ్చాయి. నా ఆనందం చెప్పలేను. కాకపోతే ఆకు కాస్త పసుపుగా ఉంది. డిగ్రీలో పసుపు ఆకుకు పదహారు కారణాలు చదువుకున్నాను కాని, ఇది ఏ కారణమో చెట్టు చెప్పదు. మా నాన్నకు ఫోను చేశాను. మా నాన్నకు లోకంలో ఉన్నది ఒకటే పైరు.

"ఆకు పసుపు తిరిగిందా? ఎన్ని సెంట్లు?" అన్నాడు.

"సెంట్లు కాదు నాన్నా. ఒక చెట్టు."

ఒక చెట్టేనా అని రెండుసార్లు అడిగి రూఢి చేసుకున్నాడు. తరవాత "సరే, ఆదివారం వస్తాలే" అన్నాడు.

ఆదివారం పొద్దున్నే మొదటి బస్సుకు దిగాడు, చంకలో ఒక సంచి. అందులో యూరియా. నా ఒక్క చెట్టుకు కాదు, వీధి వీధికంతా సరిపోయేంత. పంచె ఎగగట్టి, చేతులు వెనక్కి పెట్టుకుని మల్లి చుట్టూ మూడుసార్లు తిరిగాడు. వంగి మొదలు చూసి "పిలకలు బాగానే వేసింది" అన్నాడు. (పిలకలు వేసేది వరి. మల్లికి అది మర్యాదో అవమానమో నాకు ఈనాటికీ తెలియదు.) పారతో పాదు చుట్టూ గట్టు వేశాడు. ఎక్కువైన నీళ్ళు పోవడానికి ఒక పక్క గండి కూడా పెట్టాడు. నిండా నీళ్ళు పెట్టించి, రెండు గుప్పిళ్ళ యూరియా అలవాటైన చేత్తో విసిరి చల్లాడు. ఒక చెట్టుకు అంత పెద్ద విసురు చూసి పక్కింటి కోళ్ళు లేచిపోయాయి. "వారానికి చూడు, నల్లంగా వస్తాది" అని భరోసా ఇచ్చి, అన్నం తిని, మిగతా యూరియా నాకు వదిలేసి మధ్యాహ్నం బస్సుకు వెళ్ళిపోయాడు.

మా నాన్న మాట తప్పలేదు. వారానికి ఆకు ముదురు పచ్చ తిరిగి నల్లంగా వచ్చింది. రెండో వారానికి ఆ చెట్టు నిగనిగలాడుతూ, ఒక్కో ఆకు తమలపాకంత వెడల్పయి, పక్కనున్న లిల్లీల మీదికి చేతులు చాపింది. నేను పిల్లల్ని నలుగురిని ఇంటికి పిలిచి నత్రజని ప్రాముఖ్యం మీద ప్రత్యక్ష పాఠం చెప్పాను. చెన్నై నుంచి పెద్దమ్మ ఫోను చేసి మొక్కలెట్టా ఉండాయని అడిగితే, మల్లి బ్రహ్మాండంగా ఉందన్నాను. "బ్రహ్మాండమేంది?" అంది అవతలి గొంతు. నేను వినపడనట్టు మాటను కనకాంబరాల మీదికి మళ్ళించాను.

ఫిబ్రవరి మొదట్లో వాళ్ళు వచ్చారు. పెద్దమ్మ సంచి కూడా కింద పెట్టకుండా దొడ్లోకి పోయింది. నేను మెచ్చుకోలు అందుకోవడానికి వెనకాలే పోయాను. ఆవిడ చెట్టును చూసింది, గట్టును చూసింది, గండిని చూసింది. ఒక ఆకు తుంచి రెండు వేళ్ళతో నలిపి చూసింది. "మొగ్గ లేదే" అంది. అప్పుడు చూశాను నేను. ఆకు మీద ఆకే గాని, వెతికి చూసినా ఒక్క మొగ్గ లేదు. పెద్దమ్మ తిట్టలేదు. మెట్టు మీద కూర్చుని, కొంగుతో మొహం తుడుచుకుని, "ఆకులతో జడ కుట్టరు గదా పాపా" అంది. ఆ ఒక్క మాటకు నా డిగ్రీ, నా బి.ఇడి., నా రక్తంలోని వ్యవసాయం మూడూ గండిలోంచి బయటికి పోయాయి. ఆవిడ ఆకు దూసింది, నీళ్ళు మాన్పించింది ఎందుకో అప్పటిదాకా ఆవిడను అడగలేదు నేను. అప్పుడూ అడిగే ధైర్యం లేదు.

చెప్పింది చేపలక్క. పులికాట్ సరస్సు పక్క ఊరి నుంచి వారానికి మూడురోజులు గంపతో వచ్చేది. వాళ్ళ గుడిసె ముందు ఇసుకలో మల్లి తెల్లగా విరగపూస్తుందని పేరు. గంప దించి, చెట్టును ఎగాదిగా చూసి, "దీనికి ఏం లోటు పెట్టినారని పూస్తాది టీచరమ్మా" అంది. "ఎండగట్టి భయం పెట్టాల. ఇంక నా పని అయిపోయిందిరా అనుకుంటేనే దానికి పువ్వు గుర్తొచ్చేది. నువ్వేమో అత్తారింటికొచ్చిన కొత్తల్లుణ్ణి మేపినట్టు మేపినావు." మళ్ళీ కత్తిరించి, మళ్ళీ దూసి, మూడు వారాలు మాడ్చి, ఆ తరవాత నీళ్ళతో పాటు చేపలు కడిగిన నీళ్ళు పొయ్యమంది. సీమంతానికి అందుతుందా అని పెద్దమ్మ అడిగితే, చేపలక్క చెట్టు వైపు కాకుండా నా వైపు చూసి, "అందితే అందుద్ది" అంది.

"నువ్వు పెంచినావు, నువ్వే దూయి" అని పెద్దమ్మ కత్తెర నా చేతికిచ్చింది. నేను మంచినీళ్ళ తలస్నానాలు మానుకుని పెంచిన ఆకులు ఒక్కొక్కటే దూశాను. మధ్యలో మా నాన్న ఫోను చేసి పైరు ఎట్లా ఉందని అడిగాడు. కోత అయిపోయింది నాన్నా అని చెప్పాను.

మాడ్చినన్నాళ్ళు మాడ్చాం. నా చెయ్యి చెంబు వైపు పోయినప్పుడల్లా పెదనాన్న వరండాలోంచి దగ్గేవారు. (ఆ దగ్గులు ఆయన పది మాటల లెక్కలోకి రావు.) మార్చిలో చేపలనీళ్ళ పర్వం మొదలైంది. అది నా డ్యూటీ. చేపలక్క గంప కడిగిన నీళ్ళు బకెట్లో పట్టి, ముక్కు పక్కకు తిప్పి, చూపు మాత్రం చెట్టు మీద పెట్టి పోసేదాన్ని. వీధిలోని పిల్లులన్నీ వచ్చి చెట్టు చుట్టూ భక్తిగా కూర్చునేవి. బడిలో మొదటి బెంచీ పిల్లలు రెండో బెంచీకి జరిగారు. ఒక పిల్ల మాత్రం ఎంతో ఆప్యాయంగా "ఈరోజు కూడా పులుసేనా టీచర్?" అని అడిగేది. నాకు ఇవేవీ పట్టేవి కావు. ఆ నెలా నెలన్నర పొద్దున లేస్తూనే దొడ్లోకి పరిగెత్తి కొమ్మకొమ్మా వెతకడమే పని. జడ మాటెత్తితే జడుసుకునేదాన్ని. ఏప్రిల్ మొదటి వారంలో ఒక కణుపు దగ్గర ఆవగింజంత పచ్చటి పూస కనపడింది. మర్నాటికి నాలుగు. ఆ మర్నాటికి లెక్క తప్పింది. నేను పెద్దమ్మను వంటింట్లోంచి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని చూసి, వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టి, లోపలికి పోయింది.

అందలేదు. సీమంతం నాటికి మొగ్గలు పచ్చగా, గట్టిగా, బిగించిన పిడికిళ్ళలాగానే ఉన్నాయి. తెల్లవారుజామున పెదనాన్న నాయుడుపేట పోయి మార్కెట్లో పూలు తెచ్చారు. జడ ఘనంగానే కుట్టారు, గాజులు తొడిగారు, చలిమిడి పెట్టారు, ఎవరికీ ఏ లోటూ కనపడలేదు. నాకు మాత్రం ఆ జడలోని ప్రతి మొగ్గా యూరియా గుళికలాగా కనిపించింది. పెద్దమ్మ నవ్వుతూనే ఉంది. నేను మాత్రం ఆవిడ ఎదురుగా పడకుండా, బరువైన పళ్ళేలన్నీ నేనే మోస్తూ తిరిగాను.

తొమ్మిది రోజుల తరవాత, ఒక మంగళవారం సాయంత్రం, నేను బడి నుంచి వచ్చేసరికి వీధి మలుపులోనే వాసన తగిలింది. చేపలది కాదు. దొడ్లోకి పోతే చెట్టు తెల్లగా ఉంది. పెద్దమ్మ అప్పటికే చీరకొంగు నిండా మొగ్గలు కోసి, వెనక మెట్ల మీద కూతుర్ని కూర్చోబెట్టి, సూదీ దారమూ తీసింది. ముహూర్తం లేదు, పేరంటాళ్ళు లేరు. కూతురు నైటీలో, ఉప్పూ కారం అద్దిన మామిడిముక్క కొరుకుతూ, కాళ్ళు చాపుకుని "ఇప్పుడెందుకమ్మా జడ, ఎవరు చూస్తారు" అని విసుక్కుంది.

"అది ఊరి కోసం చేసినాం అమ్మణ్ణీ. ఇది నాకు" అంది పెద్దమ్మ. తరవాత వెనక్కి తిరగకుండానే నాతో, "దారం పట్టుకో పాపా, ఊరికే నిలబడబాక" అంది.

గంటన్నర పట్టింది. జడ అయిపోయాక కూడా కొంగులో ఇంకా మొగ్గలు మిగిలాయి. అవి నా కొబ్బరిపీచు మీదికి వచ్చాయి. పిల్లులు యథాప్రకారం హాజరయ్యాయి, కాసేపు వాసన చూసి, మోసపోయామని వెళ్ళిపోయాయి.

ఆ మంగళవారం ఫోటో ఎవరూ తియ్యలేదు. సీమంతానివి మాత్రం ఆల్బమ్ నిండా ఉన్నాయి. మొన్న పెద్దమ్మ ఇంటికి పోయినప్పుడు తిరగేస్తే ఒకదాంట్లో నేనున్నాను, ఒక మూలన, చేతిలో పళ్ళెంతో. అందరూ కెమెరానో, పెళ్ళికూతురిలా కూర్చున్న అమ్మాయినో చూస్తున్నారు. నేనొక్కదాన్నే మొహం వేలాడేసుకుని, దొడ్డివాకిట్లోంచి బయటికి చూస్తున్నాను. ఆ పిల్లను చూస్తే ఇప్పుడు నవ్వొస్తుంది. చెవి దగ్గరికి వంగి, ఇంకో తొమ్మిది రోజులు ఓర్చుకోమ్మా అని చెప్పాలనిపిస్తుంది.