పాత కెర్నలా, కొత్త కెర్నలా

మా చిన్నత్త ఒక ఆసుపత్రిలో కంప్యూటర్ల పని చూస్తుంది. అక్కడివాళ్లు చాటుగా ఆమెను ‘ఆగండి మేడమ్’ అంటారు. ఎవరేం అడిగినా ముందు "ఆగండి" అంటుంది, తర్వాత తప్పకుండా చేసిపెడుతుంది. ఇంట్లో పొయ్యి మార్చడానికి రెండేళ్లు ఆలోచించిన మనిషి!

ఒక సోమవారం పొద్దున్నే ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నల్‌లో పెద్ద లోపం బయటపడిందని కబురొచ్చింది. కంప్యూటర్ భాగాలకూ ప్రోగ్రాములకూ మధ్య నిలబడి అన్నిటినీ నడిపించేది కెర్నలే. ఆ లోపంలోంచి దూరి ఎవడైనా రోగుల వివరాలు ఎత్తుకుపోవచ్చు.

"లోపం సరిచేసిన కొత్త కెర్నల్ వచ్చిందట, సాయంత్రానికల్లా అన్ని కంప్యూటర్లలోనూ వేసెయ్యండి" అన్నాడు మేనేజర్.

రక్తపరీక్షల గది పెద్దాయన మాత్రం తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. "నా కంప్యూటర్ జోలికి రాకమ్మా! నీకంటే ముందున్నాయన ఇలాగే మార్చాడు. రెండ్రోజులు రిపోర్టుల్లేక డాక్టర్లు నన్ను కాల్చుకుతిన్నారు. బాగా పనిచేసేదాన్ని కెలకడం దేనికి?"

"తలుపు బార్లా తీసిపెట్టి కూర్చోలేం కదన్నయ్యా."

"తలుపేసే హడావుడిలో వేళ్లు నలక్కొట్టుకోకు మరి."

ఇద్దరి మాటా నిజమే. అత్త మిగతా కంప్యూటర్లన్నిటిలో కొత్త కెర్నల్ వేసేసింది. పెద్దాయనదాన్ని మార్చకుండా, మిగతా కంప్యూటర్లతోనూ బయటి ప్రపంచంతోనూ కలిపే తీగ మాత్రం పీకేసింది. దాంతో రిపోర్టులు కాగితాల మీదే పైకి వెళ్లాల్సి వచ్చింది. నౌకర్లు దొరక్కపోతే తనే మోకాళ్లు పట్టుకుని మూడంతస్తులూ ఎక్కింది.

మధ్యాహ్నం రద్దీ తగ్గాక, సామాన్ల గదిలోని పాత కంప్యూటర్‌లో కొత్త కెర్నల్ వేసి రక్తపరీక్షల యంత్రానికి కలిపి చూసింది. అది యంత్రాన్ని గుర్తించనే లేదు. కెర్నల్‌కు ఆ యంత్రంతో మాట్లాడటం నేర్పే చిన్న ప్రోగ్రాము, అంటే కొత్త డ్రైవర్, కావాలని యంత్రం తయారీదారులకు రాసింది. మేనేజర్ రోజూ సణిగాడు. ఎనిమిదో రోజున డ్రైవర్ వచ్చింది.

ఆదివారం పొద్దున పెద్దాయన ఏమీ తినకుండా వచ్చి చొక్కా చెయ్యి మడిచాడు. "నా రక్తమే తీయించి ఇస్తా. పాతదాంతో ఓసారి, కొత్తదాంతో ఓసారి చూద్దాం. అంకెలు కలవకపోతే పాతదే పెట్టెయ్యాలి, మాటివ్వు!"

అత్త మాటిచ్చింది. పాతదాంతో తీసిన మొదటి కాగితం మడిచి పెట్టి, పాత కెర్నల్‌ను పక్కన ఉంచే కొత్తది వేసింది. తెర కాసేపు నల్లగా ఉండిపోయేసరికి ఆయన అత్త చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. యంత్రం గరగరమంది. రెండో కాగితం బయటికొచ్చింది.

ఒక్కో వరుసా పోల్చి చూశారు. ఒకటీ అరా తేడా తప్ప అన్నీ కలిశాయి. చక్కెర వరుస దగ్గర అత్త వేలు ఆగిపోయింది. రెండింట్లోనూ రెండువందల ఎనభై!

"యంత్రం బాగానే ఉందన్నయ్యా. మీరే బాలేరు. ఎప్పుడు చూపించుకున్నారు?"

"ఏ బాధా లేనప్పుడు ఎందుకులే అని..." నసిగాడాయన.

అత్త అప్పటికప్పుడు ఆయన్ని డాక్టర్ దగ్గరికి లాక్కుపోయింది.

ఇప్పుడాయన మందులు వేసుకుంటున్నాడు. నెలనెలా రిపోర్టు డాక్టర్‌కంటే ముందు అత్తకే చూపిస్తాడు. కిందటి నెల నూటముప్ఫైకి దిగిందట. ఆ సంతోషంలో ఇద్దరూ క్యాంటీన్‌లో చక్కెర లేని టీ తాగుతూ, మొహాలు వికారంగా పెట్టుకుని కూర్చోవడం నేను కళ్లారా చూశాను.