పొగమంచులో గుంజ పాతిన చప్పుడు

దయ్యాలంటే నాకు నవ్వు. మా తెలుగు చర్చిలో ఎవరైనా అలాంటి సాక్ష్యం మొదలుపెడితే కాఫీ వంకతో బయటికి జారుకునేవాణ్ణి. సివిల్ ఇంజనీర్ని, కొలిచిందే నమ్ముతాను. ఈ సంగతీ కొలిచాకే రాస్తున్నాను.

ఎనభైల మొదట్లో నార్త్ కరోలినాలో ఉద్యోగం. అక్కడ తీరానికి కాస్త దూరంలో సన్నటి ఇసుక దీవులుంటాయి. వాటిమీద, గాలం వెయ్యడానికి వచ్చేవాళ్లకోసం కుటుంబాలు నడిపే చేపల క్యాంపులుండేవి. నాలుగు చెక్క గదులు, మనుషుల్ని దాటించడానికి ఒక పడవ, అంతే. మేం వెళ్లిన క్యాంపు డోరా అనే ముసలావిడది. భర్త పోయి రెండేళ్లయింది. దీవిని పార్కు చేస్తున్నాం, ఖాళీ చెయ్యమని గవర్నమెంటు కాగితం పంపితే ఆవిడ అందులో చేపలు చుట్టి మాకిచ్చింది. ఆఖరి రోజు దాకా పడవ నడుపుతానని పట్టు.

దీవికీ ఊరికీ మధ్య మూడు మైళ్ల నీళ్లు. చాలాచోట్ల మోకాలి లోతే. పడవకి సరిపడా లోతు ఒక్క దారిలోనే ఉంటుంది. ఏ కుటుంబానికి ఆ కుటుంబమే ఆ దారి పొడవునా గుర్తుగా గుంజలు పాతుకునేది. ఆ వారం గాలివాన దారిని మార్చేసి, గుంజల్నీ ఊడ్చుకుపోయింది. డోరా నీళ్ల రంగు చూసుకుంటూ మమ్మల్ని దాటించింది.

మర్నాడు పొద్దున్నే మా ఆరేళ్ల సునీతకి ఉబ్బసం వచ్చింది. ఆరు గాలాలు గుర్తుపెట్టుకుని తెచ్చిన నేను ఇన్‌హేలర్ మాత్రం కారులో మర్చిపోయాను. కారేమో అవతలి ఒడ్డున. బయట పడవ పొడవు దాటి ఏమీ కనపడనంత పొగమంచు. క్యాంపులోని వైర్‌లెస్ రేడియోలో అవతలి ఒడ్డువాళ్లని అడిగితే మంచు విడేదాకా ఎవరూ రాలేమన్నారు.

"ఏవండీ, పిల్ల పెదాలు నీలంగా అయిపోతన్నాయండీ. ఏదోటి చెయ్యండి," అంది నా భార్య మేరీ.

డోరా పడవ తాడు విప్పింది. మేరీ పిల్లని పట్టుకుని లోపల కూర్చుంది. నేను ముందు నిలబడి గెడతో లోతు చూస్తున్నాను.

పది నిమిషాలకే గెడ ఇసుకకి తగిలింది. పడవ ఇక్కడ దిగబడితే పిల్ల దక్కదు.

అప్పుడు ఎడమవైపు నుంచి కర్రమీద సుత్తి దెబ్బలు వినపడ్డాయి. ఎవరో గుంజ పాతుతున్నారు. కేకేశాను, జవాబు లేదు. చెయ్యి అటు చూపించాను. డోరా పడవ తిప్పింది, గెడ లోతుకి దిగింది. చప్పుడు ఎటు జరిగితే అటే చెయ్యి చూపిస్తూ పోయాను. ముప్పావు గంటలో ఒడ్డు చేరాం. మందు లోపలికి వెళ్లిన కాసేపటికి పిల్ల ఊపిరి తిరిగింది. నేను కారు పట్టుకుని ఏడ్చేశాను.

మధ్యాహ్నం మంచు విడింది. సామాను కోసం డోరాతో వెనక్కి వెళ్తూ దారంతా గెడతో కొలిచాను. నాలుగడుగుల లోతున్నది మేం వచ్చిన ఆ ఒక్క వంకర దారే. అటూ ఇటూ ఇసుకే. గుంజ ఒక్కటీ లేదు. పొద్దున్న ఇంకే పడవా కదల్లేదని రేవులో అందరూ చెప్పారు.

డోరా ఇంజన్ ఆపింది. "పొద్దున్న దారి నీకెలా తెలిసింది?"

"మీరూ విన్నారు కదా, సుత్తి చప్పుడు?"

"ఇంజన్ పక్కనున్నదాన్ని, నాకేం వినపడలేదు. నీ చెయ్యి చూసి తిప్పాను. ఎలా ఉంది ఆ చప్పుడు?"

పడవ అంచుమీద వేళ్లతో కొట్టి చూపించాను. మూడు దెబ్బలు, కాస్త ఆగి రెండు.

"మా ఆయన భుజం ఒకసారి విరిగి అతికింది. గుంజ పాతేటప్పుడు మూడు కొట్టి ఆగాల్సిందే," అంది డోరా. "ఇంకోసారి కొట్టు."

మేరీని అడిగితే తనకీ ఏమీ వినపడలేదంది. ఇన్నేళ్లయినా ఇది నా ఏ లెక్కకీ అందలేదు. ఆ రోజు మాత్రం డోరా చాలనేదాకా కొడుతూనే ఉన్నాను.