ఆగిపోయిన అంకె

లాడ్ బజార్‌లో మాకు గాజుల దుకాణం. దాని వెనకాల ఉన్న పాత ఇల్లు చాలక జల్‌పల్లిలో చిన్న ప్లాటు కొని కట్టుకున్నాం. ఎయిర్‌పోర్టు దగ్గరే కాబట్టి విమానాలు మా డాబా మీదుగానే పోతుంటాయి. విమానాల సాఫ్ట్‌వేర్ తనిఖీ చేయడం నా ఉద్యోగం. వేరేవాళ్లు రాసిన కోడ్‌ను ఒక్కో వరుసా చదివి, తప్పు లేదనిపిస్తే సంతకం పెట్టాలి. మొదట్లో విమానం కనబడితే గర్వంగా తలెత్తి చూసేదాన్ని.

ఒక మధ్యాహ్నం పెద్ద సారు నన్ను ల్యాబ్‌కు పిలిచారు. కాకినాడ నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన మనిషి, రిటైర్మెంటుకు దగ్గర పడ్డారు. విమానంలో ఉండే పెట్టెల్నే అక్కడ బల్ల మీద అమర్చి, అవి ఆకాశంలో ఉన్నాయని నమ్మించి పరీక్షిస్తారు. ఆ రోజు కొత్త మోడల్‌ని పరీక్షిస్తూ, పరీక్షల జాబితాలో లేని పని ఒకటి చేశారాయన. వేగం చెప్పే రెండు సెన్సర్ల తీగల్నీ ఒకేసారి లాగేశారు.

“చూడమ్మా,” అన్నారు.

తెర మీద వేగం అంకె మాయమవ్వాలి. అవలేదు. చివరగా చూపించిన అంకె దగ్గరే ఆగిపోయి, ఏమీ కానట్టు పచ్చగా వెలుగుతోంది. అంతలో పక్క పెట్టె ఎర్ర దీపం వెలిగించింది. మా మీద కాపలాకు పెట్టిన పెట్టె అది. దాని కోడ్ వేరే ఊళ్లో, మా కోడ్ ఎన్నడూ చూడనివాళ్లు రాశారు. ఇద్దరూ ఒకే తప్పు చేయకూడదని ఆ ఏర్పాటు. అంకె కదలడం లేదని అదే పసిగట్టింది.

“రెండు సెన్సర్లు ఒకేసారి పోతాయా సార్?”

“పోకూడదు. కానీ మంచు మబ్బులోకి వెళ్తే రెండూ అదే మబ్బులో ఉంటాయి, రెండింటికీ మంచు పట్టేస్తుంది కదమ్మా.”

ఆయన ఆ కోడ్ భాగం తెరిచారు. చదివినవాళ్ల సంతకం చోట నా పేరుంది. అదే కోడ్ పాత మోడల్లోనూ ఉంది. ఆ మోడల్ అప్పటికే రోజూ ఎగురుతోంది.

ఎర్ర దీపం వెలిగితే ఆ అంకెను నమ్మొద్దని పైలట్లకు చెప్పమంటూ విమాన సంస్థలకు సాయంత్రానికల్లా నోటీసు వెళ్లింది. సరిచేసిన సాఫ్ట్‌వేర్‌కు మాత్రం కొన్ని వారాలు పడుతుందన్నారు.

ఆ వారమే మాకు పిన్నిలాంటి పక్కింటి ఖాలా మా ఇంటికి వచ్చింది. ఆమె పుట్టిల్లు పాలమూరు వైపు, మాతో తెలుగే మాట్లాడుతుంది. చెల్లెలితో కలిసి మక్కాకు, ఉమ్రా యాత్రకు పోతోంది. విమానం ఎక్కడం అదే మొదలు.

“నువ్వు ఇమానాల పనే చేస్తవ్ గదా బేటీ. నాకు మస్తు భయమైతుంది. ఏం గాదు గదా?”

టికెట్ చూపించమన్నాను. పాత మోడలే. నవ్వి పంపించేయొచ్చు. మనసొప్పలేదు.

“ఖాలా, దాంట్ల ఒక తప్పుంది. నేనే సూడాల్సి ఉండె. సూడలే.”

“మరెట్ల?”

“ఇంకో పెట్టె పట్టుకున్నది. పైలట్లకు జెప్పిన్రు.”

ఆమె నా ముఖం వంకే చూసింది. “నువ్వైతే ఎక్కుతవా?”

నాకు ఆ పచ్చటి అంకె కళ్లముందు మెదిలింది. తర్వాత ఎర్ర దీపం.

“ఎక్కుత,” అన్నాను చాలాసేపటికి.

“గంతసేపు సోంచాయించినవంటే నిజమే జెప్తున్నవ్,” అని లేచి వెళ్లింది.

ఆమె తిరిగి వచ్చేదాకా పైన ఏ విమానం చప్పుడు వినిపించినా నా చేతిలో పని ఆగిపోయేది. “ఏంది బిడ్డా, గట్ల నిలబడ్డవ్?” అని బాపు అడిగితే ఏమీ లేదనేదాన్ని. ఖాలా క్షేమంగా వచ్చి ఖర్జూరాలు నా చేతిలో పెట్టింది. “అక్కడ నీ కోసం గూడ దువా జేసిన,” అంది. నేను తలెత్తలేకపోయాను.

తర్వాత కొత్త సాఫ్ట్‌వేర్ విమానాలన్నిటికీ ఎక్కించారు. ఎవరికీ ఏమీ కాలేదు. నేను అడిగి మరీ సారు ల్యాబ్‌లోకి మారాను. భోజనాల వేళ, నేను సంతకం పెట్టిన పాత ఫైళ్లు ఒక్కొక్కటే తీసి మళ్లీ చదువుతున్నాను. ఇప్పటిదాకా ఇంకో తప్పు దొరకలేదు. దొరకలేదు కాబట్టే మళ్లీ మొదటి పేజీకి వెళ్తున్నాను.