ఊఁ కొట్టని గదిలో చెప్పిన కథ

వరంగల్ స్టేషన్ రోడ్డులో ఇమ్మానుయేలు రేడియో దుకాణమంటే పట్టుమని పదడుగులైనా లేని గది. పదమూడేళ్ళ వయసులో పాస్టరుగారి రేడియోను విప్పదీసి, వీపు వాచేలా దెబ్బలు తిని, మళ్ళీ బిగించి పలికించిన ఘనుడతడు. అప్పటినుంచీ ఒకటే పంతం. రిపేరుకు వచ్చిన డబ్బా మూగగా తన గడప దాటకూడదు. ఈ పంతం పుణ్యమా అని తిండి వేళకు ఏనాడూ ఇల్లు చేరడని భార్య ప్రమీల సణుగుతుంది. సణగదా మరి!

డెబ్బై ఎనిమిది ఎండాకాలంలో ఒక పొద్దున, అరవై దాటిన మనిషొకడు గొంగడిలో చుట్టిన పెద్ద రేడియోను నెత్తిన మోసుకొచ్చాడు. మోకాళ్ళదాకా పంచె, కాళ్ళకు చెప్పుల్లేవు. కుర్చీ చూపిస్తే వద్దని గడప పక్కన గొంతుకూర్చున్నాడు.

"ఘన్‌పూర్ అవుతల మా ఊరు సారూ. పేరు మొగిలయ్య. ఇది పంచాయతీ రేడియో. ఊరు మొత్తానికి ఇదొక్కటే. సాయంత్రం ఆరింటికి ఏదో కథ వస్తదట, అందరు ఇనాలని నన్ను తోలిన్రు."

"నాలుగు గంటల బండికి నీ చేతుల వెడ్త తాతా. ఫికర్ చెయ్యకు."

ముసలాయనకు ఫికరూ లేదు, తొందరా లేదు. కాలిపోయిన వాల్వు కోసం ఇమ్మానుయేలు ఎండలో బజారంతా తిరిగి వచ్చేసరికి, దుకాణం ముందు ఊడ్చి, నీళ్ళు చల్లి, పక్కన పాన్‌డబ్బా నడిపే సమ్మమ్మతో తీరిగ్గా ముచ్చట్లాడుతున్నాడు. తెచ్చిన వాల్వు సరిపడలేదు. ఇంకొకటి వెతికి తెచ్చేలోపు నాలుగు దాటింది, రైలు వెళ్ళిపోయింది. ఇమ్మానుయేలుకు తల కొట్టేసినట్టయింది.

"తప్పు నాదే తాతా. మీ ఊరోళ్ళకు కథ లేకుంట జేసిన."

"పోనియ్ సారూ, మంచిగైంది," అన్నాడు మొగిలయ్య. మొహం వెలిగిపోతోంది.

రేడియో బాగుకానందుకు సంబరపడే గిరాకీని ఇమ్మానుయేలు పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ఒళ్ళు మండింది.

"పొద్దటి సంది నన్ను ఉరికిచ్చి, ఇప్పుడు మంచిగైందంటవేంది?"

ముసలాయన తల వంచుకున్నాడు. "ఆ కథ చెప్పింది నేనే."

నలభై ఏళ్ళుగా ఊరూరా తిరిగి కథలు చెప్పే మనిషి. రెండు మాటలు చెప్పి ఆగితే జనం ఊఁ కొట్టాలి. ఆ ఊఁ చెవినపడితేనే తరువాతి మాట నోటికొస్తుంది. హైదరాబాదు రేడియోవాళ్ళు కథ రికార్డు చేస్తామని ఆయన్ను పిలిపించి, తలుపులు మూసిన గదిలో ఒంటరిగా కూర్చోబెట్టారు. చిన్న చప్పుడు కూడా వద్దన్నారు. ఊఁ కొట్టే నాథుడే లేడు.

"మాటమాటకు ఆగిపోయిన బిడ్డా. గోడలకు చెప్పినట్టే ఉండె. నా కథ పాడువడ్డది. మా ఊరోళ్ళు ఇంటే నలభై ఏండ్ల ఇజ్జత్ పోతది. ఈడ గూడ ఎవలు ఇనొద్దు, జర దాన్ని బాగు చెయ్యకు."

అక్కడే పప్పులో కాలేశాడు పెద్దాయన. ఇమ్మానుయేలుతో అనదగిన మాటేనా అది! ఆరుకు అయిదు నిమిషాలుందనగా రేడియో గుర్రుమని, గొంతు సవరించుకుని, పలికింది. మొగిలయ్య లేచి జారుకోబోతే సమ్మమ్మ అడ్డంగా నిలబడింది.

"యాడికి? కూసో. మీ ఊరోళ్ళు ఇనకుంటే మేమింటం."

రిక్షావాళ్ళు నలుగురు ఆగారు. రేడియోలో మొగిలయ్య పేరు చెప్పారు. కథ మొదలైంది.

"ఏడుగురు అన్నదమ్ములకు ఒక్కతే చెల్లె..." అని గొంతు ఆగిపోయింది. మొగిలయ్య కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

"ఊఁ," అన్నాడు ఇమ్మానుయేలు.

రేడియోలో గొంతు ఆ ఊఁ విన్నట్టే అందుకుంది. మళ్ళీ ఆగింది. ఈసారి సమ్మమ్మ, రిక్షావాళ్ళు కలిసి ఊఁ కొట్టారు. మూడోసారికి రోడ్డు మీద పోయేవాళ్ళు కూడా నిలబడి ఊఁ అన్నారు. ఎక్కడ ఊఁ కావాలో సరిగ్గా అక్కడే ఆగుతోంది కథ, ఒక్కచోటైనా తప్పలేదు. ఇమ్మానుయేలుకు ఆనందంతో గుండె నిండిపోయింది.

మొగిలయ్య కళ్ళు తెరిచి అందరినీ చూశాడు. చెంపలు తడిసిపోయాయి.

"ఆగిపోయిననుకున్న బిడ్డా. కాదు, మీ కోసమే ఆగిన." ఆ వెంటనే ఏదో కొంప మునిగిపోయినట్టు ఇమ్మానుయేలు చేయి పట్టుకున్నాడు. "ఇది మళ్ళెప్పుడొస్తది? మా ఊరోళ్ళు ఇనాలె గద!"