తేనెలంకలో లేని మాట

ఎస్తేరు టీచరుగారు పోయారన్న కబురు నాకు మొదట తెచ్చింది మామిడికాయల ఆటో నడిపే కోటయ్య బాబాయి. విస్సన్నపేట నుంచి వస్తూ మా గుమ్మం ముందు ఆగి, "అమ్మాయ్, మీ టీచరమ్మ పొద్దున్నే ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారంట" అన్నాడు. ఆటోలోని చిన్నరసాల వాసన గదిలోకి కమ్ముకొచ్చింది. నేను అక్షరాలు దిద్దుకున్నది ఆ వాసనలోనే.

చిన్నప్పుడు నా గుండె బలహీనం. నాలుగడుగులు వేస్తే ఆయాసం వచ్చేది. అందుకే బడికి పంపలేదు. నాన్న కాపలా కాసే మామిడితోటలోనే మా కాపురం. రిటైరైన టీచరుగారు సాయంత్రాలు వచ్చి నా మంచం పక్కన కూర్చుని చదువు చెప్పేవారు. అన్నీ వచ్చేవి గానీ సోషల్ మాత్రం తలకెక్కేది కాదు. "పోనీ, నువ్వే ఒక దేశాన్ని పుట్టించవే. దాని చరిత్ర నాకు పాఠం చెప్పు" అన్నారొకరోజు. అలా పుట్టింది తేనెలంక. ఎండా వానా ఒకదాన్నొకటి తరుముకునే వేడి దేశం. అక్కడ కొండవాళ్ళు, రేవువాళ్ళు అని రెండు జాతులు. కొండెక్కేటప్పుడు ఊపిరి చాలదు కనుక కొండవాళ్ళ భాషలో అన్నీ పొట్టి మాటలు. నీళ్ళ మీదుగా పిలుచుకోవాలి కనుక రేవువాళ్ళవి సాగదీసే మాటలు. ఉప్పు కోసం తరతరాలుగా కొట్లాట. టీచరుగారు నిజం దేశమన్నంత శ్రద్ధగా వినేవారు. "ఉప్పునేలలో వరి ఎట్టా పండుద్దే, మాయదారి పిల్లా?" అని నిలదీసేవారు కూడా.

"ఇంతకీ వీళ్ళు రాజీ పడరేమే?" అని ఒకసారి అడిగారు.

"ఎట్టా పడతారండీ? వీళ్ళూ 'మేము' అంటారు, వాళ్ళూ 'మేము' అంటారు."

"మరి 'మనం' అనరా?"

"ఆ మాట రెండు భాషల్లోనూ లేదండీ."

నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. ఆ మాట ఎందుకు పెట్టలేదో అప్పుడు నాకూ తెలియదు. కంచె అవతల పిల్లలు "మేము బడికెళ్తున్నామోచ్!" అని కేకలేసుకుంటూ పోయేవారు. అమ్మా నాన్నా "మేము పనికెళ్ళొస్తాం, మంచం దిగమాక" అని తలుపు చేరవేసేవారు. నా చెవిన పడ్డదే నా దేశానికి పెట్టాను.

మర్నాడు టీచరుగారు ఆ పిల్లలందర్నీ వెంటబెట్టుకొచ్చారు. అమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది. "వద్దండీ, దాని గుండె తట్టుకోదు."

"ఆయాసమొస్తే నేను చూసుకుంటా నాగమ్మా. ఇట్టా ఒక్కతే గోడలతో మాట్లాడుకుంటుంటే ఆ దిగులెవరు చూసుకుంటారు?"

అమ్మ నావంక చూసి, పక్కకి జరిగింది. పిల్లలు కొండవాళ్ళుగా, రేవువాళ్ళుగా చీలి, మంచం చుట్టూ అరుచుకుని, ఉప్పంతా పంచుకున్నాకే లేచారు. వెళ్తూ వెళ్తూ సుబ్బులనే పిల్ల గడప మీంచి వెనక్కి తిరిగి, "ఏమే, రేపు మనం ఏం ఆడదాం?" అంది.

"విన్నావుగా, నీ దేశానికి పెట్టుకో ఆ మాట" అన్నారు టీచరుగారు.

దేవుడి దయ వల్ల ఆ గుండే ఇన్నేళ్ళూ నన్ను నడిపించింది. ఇప్పటికీ మా గడప దగ్గర ఎవరైనా తటపటాయిస్తే "రండి, మనం అన్నం తిందాం" అనకుండా ఉండలేను. టీచరుగారికి పిల్లల్లేరు. మీరు ఆవిడని చూడలేదు. అయినా దీపం పెట్టేవారైనా, మోకరించేవారైనా, ఈ పూట ఎస్తేరు టీచరుగారిని మనం ఒక్కసారి తలుచుకుందామండీ.