కండక్టరమ్మ కొన్న కంప్యూటరు

సగం జీవితం కదిలే బస్సులో నిలబడే గడిపేసిన మనిషి ఆమె. ఎంత రద్దీలోనైనా "ముందుకి జరగండి బాబూ, లోపలంతా ఖాళీయే" అని ఒక్క కేక వేస్తే, లేని ఖాళీ కూడా పుట్టుకొచ్చేది. ఉద్యోగం మానేసినా వీధిలో అందరికీ ఆమె కండక్టరమ్మే.

మోకాలు అరిగిపోయింది, ఇక నిలబడే పని వద్దని డాక్టరు చెప్పాక ఆమె నాలుగో అంతస్తులోని ఇంట్లో కూర్చుండిపోయింది. భర్త పొద్దున్నే ప్రింటింగ్ ప్రెస్సుకి వెళితే మళ్లీ సాయంత్రానికే రావడం. మాట్లాడే మనిషి లేక నోరు తుప్పు పట్టేలా ఉంది. కాలక్షేపానికి షేర్ల వీడియోలు చూడటం మొదలుపెట్టింది. ఉత్తుత్తి డబ్బుతో కొనీ అమ్మీ నేర్చుకునే ఆట ఒకటి దొరికింది. బస్సు ఎక్కేవాళ్లలా దిగేవాళ్లలా అంకెలు కదులుతుంటే ఆమెకు పోయిన ప్రాణం లేచొచ్చింది. కొన్ని నెలలు అలా సాధన చేసి, ఇక నిజంగా దిగుదామనుకుంది.

భర్త ఒకే ఒక్క షరతు పెట్టాడు. "ఫోన్లో మాత్రం వద్దు. పొయ్యి దగ్గరా, మంచం మీదా అదే పట్టుకుని కూర్చుంటావ్. కంప్యూటరు కొనుక్కో. కుర్చీలోంచి లేస్తే మార్కెట్టు అక్కడే ఉండిపోవాలి."

వీధి చివర కంప్యూటర్ల కొట్టు ఆమె తమ్ముడిదే. తల్లి పోయాక వాణ్ణి చంకనేసుకుని పెంచింది ఆమే. అక్క కొట్టుకి రాగానే తమ్ముడు కుర్చీ తుడిచి కూర్చోబెట్టాడు.

"మామూలు సీపీయూ చాలక్కా. సరిపడా ర్యామ్, ఒక ఎస్‌ఎస్‌డీ, ఒక మంచి తెర. మిగిలినదాంతో యూపీఎస్ తీసుకో. కరెంటు పోయినా సిస్టమూ నెట్టూ కాసేపు నడుస్తాయి."

"ఒక్క తెరేంట్రా? వీడియోలో షేర్ల గురించి చెప్పే ఆయన ఆరు పెట్టుకున్నాడు."

"ఆయన షేర్లు కొంటున్నాడో, టీవీల కొట్టు నడుపుతున్నాడో నాకేం తెలుసు?"

ఆమె నవ్వలేదు. బేరమాడి బేరమాడి రెండు తెరల దగ్గర ఆగింది. దానితోపాటు వీడియోలో చెప్పిన పెద్ద గ్రాఫిక్స్ కార్డూ కావాలంది. అనుకున్న ఖర్చు దాటకుండా ఉండాలంటే ఏదో ఒకటి తీసెయ్యాలి. యూపీఎస్ తీసెయ్యమంది.

"ఆ కార్డు ఆటలాడుకునే పిల్లలకక్కా, నీకెందుకు? నా మాట విను."

"కొనేదాన్ని నేను. నీ దగ్గర కుదరకపోతే చెప్పు, ఊళ్లో ఇదొక్కటే కొట్టు కాదు."

ఆ మాట తమ్ముడికి గుచ్చుకుంది. మర్నాడు పెట్టెలు మోసుకొచ్చి, వైర్లు బిగించి, మంచినీళ్లు కూడా ముట్టకుండా వెళ్లిపోయాడు. ఎందుకైనా మంచిది, అత్యవసరానికి షేర్ల ఖాతాని ఫోన్లో కూడా పెడతానని కొట్లో అన్నవాడు ఆ ఊసే ఎత్తలేదు. ఆమె కూడా పంతానికి పోయి అడగలేదు.

మొదటిరోజు ఆమె తలస్నానం చేసి, ఉద్యోగానికి వెళ్తున్నట్టే తయారై కూర్చుంది. ఒక సిమెంటు కంపెనీ షేర్లు కొంది. ఏ రోజు కొన్నవి ఆ రోజే, సాయంత్రంలోగా అమ్మేయాలి. ధర ఒక హద్దు దాటి పడితే వాటంతటవే అమ్ముడైపోవాలని ముందే ఆదేశం ఇవ్వొచ్చు. కళ్లెదుటే ఉన్నాగా అని ఇవ్వలేదు. ధర మెల్లగా పెరిగింది. ఆమె కుర్చీ అంచుకి జరిగింది.

ఉన్నట్టుండి రెండు తెరలూ నల్లబడ్డాయి. ఫ్యాను ఆగింది. నెట్టు పెట్టె మీద దీపాలు ఆరిపోయాయి.

ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. తర్వాత తెలిసింది, కరెంటు పోయిందని. కొన్న షేర్లు అక్కడెక్కడో ఉన్నాయి, పెరుగుతున్నాయో పడుతున్నాయో తెలీదు. బ్రోకరు ఆఫీసుకి ఫోన్ చేస్తే సంగీతం వినిపిస్తోంది తప్ప మనిషి పలకడం లేదు. తమ్ముడికి చేసింది. మోగి మోగి ఆగింది. మళ్లీ చేసింది. కట్ చేశాడు.

"ఒరేయ్!" అని ఖాళీ గదిలో అరిచి, చెప్పులేసుకుంది.

లిఫ్టు ఆగిపోయింది. కమ్మీ పట్టుకుని, పక్కకి తిరిగి, ఒక్కో మెట్టూ దిగింది. మోకాట్లో ఎవరో మేకు దిగ్గొట్టినట్టుంది. మధ్యలో ఒకచోట కూలబడబోయి, గోడకానుకుని పళ్లు బిగబట్టింది. కూర్చుంటే మళ్లీ లేవలేనని తెలుసు.

కొట్లో ఇన్వర్టరు మీద దీపాలు వెలుగుతున్నాయి. తమ్ముడు ఎవరికో ప్రింటరు చూపిస్తున్నాడు. చెమటతో తడిసి, గుమ్మం పట్టుకుని నిలబడ్డ అక్కని చూసి అతని ముఖం పాలిపోయింది.

"నడిచొచ్చావా? లిఫ్టు లేకుండానా?"

"తిట్లు తర్వాత. ముందు సిస్టమివ్వు."

పాస్‌వర్డు కొట్టింది. తప్పంది. మళ్లీ కొట్టింది. మళ్లీ తప్పే. ఇంకొక్కసారి తప్పితే ఖాతా మూసుకుపోతుంది. మళ్లీ కొట్టబోయింది. తమ్ముడు ఆమె చేతి మీద చెయ్యి వేసి ఆపాడు. కీబోర్డు వైపు చూసి, పెద్దక్షరాలొచ్చే క్యాప్స్ లాక్ మీట నొక్కి ఉంటే ఆపేశాడు.

"ఇప్పుడు కొట్టక్కా. నిదానంగా."

తెరుచుకుంది. ధర కొన్నదానికంటే కిందికి పడి ఉంది. చూస్తుండగానే ఇంకాస్త జారింది. కాసేపు ఆగితే లేస్తుందేమో. ఉత్తుత్తి ఆటలో ఎన్నిసార్లు అలా ఆగి మునిగిందో ఆమెకు గుర్తుంది. ఆమె అమ్మేసింది. నష్టం ఎర్రగా కనబడింది, కానీ ఇల్లు కూలేంత కాదు.

ఆమె మంచినీళ్లు తాగి తేరుకునేసరికి అదే షేరు మళ్లీ పైకెక్కి, కొన్న ధరని దాటేసింది. ఇద్దరూ చూశారు.

"ఉంచితే బాగుండేదేమో" అన్నాడు తమ్ముడు నెమ్మదిగా.

"ఎక్కడ దిగాలో తెలీకుండా కూర్చోడానికి నేనేమన్నా నిద్రపోయే ప్యాసింజర్నా?" అంది. గ్లాసు పక్కన పెట్టి అడిగింది. "ఫోనెందుకు కట్ చేశావురా?"

అతను తలొంచుకున్నాడు. "ఇంకో కొట్టు చూసుకుంటానన్నావుగా. కోపమొచ్చింది. ఇలా అవుతుందనుకోలేదు."

"నేను అలా అనాల్సింది కాదు. నువ్వూ కట్ చెయ్యాల్సింది కాదు."

ఆ సాయంత్రమే గ్రాఫిక్స్ కార్డు ఊడదీసుకుని, దాని బదులు యూపీఎస్ తెచ్చి బిగించాడు. జరిగిందంతా ఆమె నోటనే విన్న భర్త, అత్యవసరానికైతే ఖాతా ఫోన్లో కూడా ఉండనీ అని ఒప్పుకున్నాడు. రెండో తెర మాత్రం ఆమె తిరిగి ఇవ్వలేదు. ఒకదాంట్లో ధరలు, ఇంకోదాంట్లో తన కొనుగోళ్లు చూసుకుంటుంటే అది అవసరమేనని తమ్ముడూ ఒప్పుకోక తప్పలేదు.

షేర్ల బేరం ఇప్పటికీ చేస్తోంది. కొన్ని నెలలు మిగులుతుంది, కొన్ని నెలలు మిగలదు. మార్కెట్టు తెరిచే వేళకి మాత్రం ఇప్పటికీ అరచేతులు చెమర్చి చల్లబడతాయి. చీరకొంగుకి తుడుచుకుని, కుర్చీ ముందుకి జరుపుకుంటుంది.